బెల్లం ముట్టుకున్నవాళ్ళే ఫస్ట్

నాకు నోరెక్కువ. ఈ మాట చిన్నప్పుడు మా అమ్మ అంది, పెళ్ళయ్యాక మా అత్తగారు అంది, ఉద్యోగంలో చేరాక పైఅధికారులు కాస్త మర్యాద కలిపి అన్నారు. ఆ నోటి వల్లే ప్రైమరీ పిల్లల ఆటల పోటీలు నా నెత్తిన పడ్డాయి.

అనకాపల్లిలో టీచర్ల మీటింగు జరుగుతోంది. ఎవరో హైస్కూల్ పిల్లల ఆటల గురించి చెబుతున్నారు. కబడ్డీ అట, ఖోఖో అట, పరుగు పందేలట. నాకు ఒళ్ళు మండింది. లేచి, "ఎప్పుడూ హైస్కూలేనా అండీ? మా చిన్నపిల్లలకి కాళ్ళు లేవా?" అన్నాను. అక్కడితో కూర్చుంటే పోయేది. చిన్నపిల్లలకి పోటీ పెట్టడం ఏమంత బ్రహ్మవిద్య, ఒక విజిలూ ఒక తాడూ ఉంటే చాలదా అని కూడా అన్నాను. అధికారి చిరునవ్వుతో అంతా విని, "చాలా మంచి ఆలోచన మేడమ్. మీరే నడిపించండి" అన్నారు. హాలంతా చప్పట్లు. ఆ పని తమ మెడకి చుట్టుకోనందుకు కొట్టిన చప్పట్లవి. కొరివితో తల గోక్కున్నాక మంట పుట్టిందని ఎవరితో చెప్పుకుంటాం?

మాది దేవరాపల్లి వైపు ఒక పల్లెలో ఇద్దరు టీచర్ల బడి. నేనూ, నాకంటే పెద్దవారైన ఒక మేస్టారూ. నేను చిటపటలాడే కొద్దీ ఆయన చల్లబడతారు. ఏం చెప్పినా ముందు "చూద్దారి లెండమ్మా" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఇంకాస్త కోపం వస్తుంది. కానీ పని మాత్రం నాకంటే ముందే ఆయన చేసేసి ఉంటారు.

పోటీలు నడిపేది మేమే అయినప్పుడు మా బడి పిల్లలు ఉత్తి చేతులతో తిరిగొస్తే పరువు పోతుంది కదా. పరుగు నేర్పుదామంటే మా బడికి మైదానం లేదు. ఉన్న జాగాలో జెండా కర్ర, బోరింగు, వంటషెడ్డు పోగా మిగిలింది ప్రార్థనకి నిలబడడానికే చాలదు. అప్పుడు మేస్టారు ఒక ఉపాయం చెప్పారు. బడి గేటు దగ్గర మొదలుపెట్టి, చెరుకుతోటల పక్కన బండిబాట మీదుగా పరిగెత్తించి, ఆయన బావగారి బెల్లం పాక దగ్గర ఆపుదామన్నారు. గానుగలాడే రోజులు. పాకలో పొద్దుటి నుంచీ పాకం ఉడుకుతూనే ఉంటుంది. మేస్టారు వెళ్ళి, "బావా, మా పిల్లలు రోజూ ఇక్కడికి పరిగెట్టుకొత్తారు, తలో బెల్లం ముక్క ఎట్టు" అన్నారు. ఆ బావగారు, "దానికేటి మేస్టారూ, రమ్మను. కానీ దిమ్మలు తొక్కకూడదు" అన్నారు.

అలా మా పందెం నియమం తయారైంది. పాకలో ఆరబెట్టిన బెల్లం దిమ్మ మీద ఎవరి చెయ్యి ముందు పడితే వాళ్ళు ఫస్ట్. చెయ్యి వేసి అలాగే ఉండాలి. బావగారు చూసి, ఫస్ట్ వచ్చిన చేతిలో అందరికంటే పెద్ద ముక్క పెట్టాక పందెం అయినట్టు. పిల్లలకి ఈ పద్ధతి ఎంత నచ్చిందంటే బడికి నాగా పెట్టేవాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు.

అందరిలోకీ మూడో క్లాసు పిల్ల ఒకతి గాలికంటే జోరు. చీపురుపుల్లలా ఉంటుంది, కాళ్ళు మాత్రం నేల మీద ఆనవు. దానికి ఒకటే లోపం. మెత్తటిది. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే ఆగిపోతుంది. స్నేహితురాలు "ఓలే, ఉండే" అంటే చాలు, నిలబడి దాన్ని కూడా తోడు తీసుకుని వెళుతుంది. ఫస్ట్ రావలసిన పిల్ల రోజూ నలుగురితో కలిసి చేతులు పట్టుకుని పాకలోకి వస్తుంటే నాకు కడుపు రగిలిపోయేది. అందుకని దానికి విడిగా చదువు చెప్పాను. ఎవరు పిలిచినా ఆగకూడదు. ఎవరు కేకలేసినా వెనక్కి చూడకూడదు. ఆగు అంటే ఇంకా జోరు పెంచాలి. ఎక్కాల కంటే బాగా వచ్చేదాకా ఇది వల్లె వేయించాను.

అనకాపల్లి తీసుకెళతానంటే వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. చెరుకు కొట్టే పనికి వెళుతుంది ఆవిడ. భర్త ఫ్యాక్టరీలో షిఫ్టు పని, ఇంట్లో ఉండేది తక్కువ. పెళ్ళయిన చాలా ఏళ్ళకి పుట్టిన ఒక్కగానొక్క పిల్ల. పొద్దున బడికి దింపేదీ ఆవిడే, సాయంత్రం గేటు దగ్గర నిలబడి తీసుకెళ్ళేదీ ఆవిడే.

"పట్నం కదండీ మేడమ్ గారూ. ఇది మెత్తటి గుంట. ఎవులేనా పిలిత్తే ఎనకాలే ఎలిపోద్ది" అంది.

"ఇప్పుడు సరే. ఐదో క్లాసు అయ్యాక హైస్కూలుకి ఆటోలో పంపాలి కదమ్మా?"

"అంపను. ఐదు సాలు. సంతకం ఎట్టడం వత్తే సాలు దానికి. ఎవులో పిలిసి తీసుకుపోతే నానేటి సేత్తాను?"

అది వినగానే ఈ ప్రయాణం పరుగు పందెం కోసం కాదని నాకు అర్థమైంది. ఆ పిల్లని ఒక్కసారి ఊరు దాటించి క్షేమంగా తెచ్చి అప్పజెబితే, ఆ తల్లి భయం కొంచెం సడలుతుంది. సడలితే పిల్ల హైస్కూలు మొహం చూస్తుంది. లేకపోతే చెరుకు కత్తి పట్టుకుంటుంది. అందుకని నాకున్న నోరంతా వాడాను. దాని చెయ్యి వదలనని, సాయంత్రం నేనే తెచ్చి ఆవిడ చేతిలో పెడతానని మాటిచ్చాను. చివరికి ఆవిడ, "నా పేణం మీ సేతిలో ఎడతన్నాను మేడమ్ గారూ" అని లోపలికి వెళ్ళిపోయింది.

పోటీల రోజు పొద్దున్నే ఆటోలో బయల్దేరాం. అనకాపల్లిలోకి రాగానే బెల్లం మార్కెట్ మీదుగా మలుపు. వాసన తగలగానే పిల్లలందరూ "బెల్లం! బెల్లం!" అని ఒకటే కేకలు. ఆ పిల్ల నా చెంగు పట్టుకు లాగి ఏదో అడిగింది. నేను ఫోన్లో సున్నం బస్తా ఇంకా రాలేదని ఎవరి మీదో అరుస్తున్నాను. "ఆఁ, ఆఁ, అంతే" అన్నాను దానితో. ఆటో మైదానం వైపు తిరిగింది.

మైదానంలో ఇక నాకు మనిషి జన్మ లేదు. సున్నం ఆలస్యంగా వచ్చింది, వచ్చాక గీతలు వంకర పోయాయి. సబ్బవరం టీచర్లకి నీడ కావాలి, మాకవరపాలెం టీచర్లకి ముందు వాళ్ళ పిల్లల పందెం కావాలి. ఒకాయన మూతి మీద నూగుమీసం వచ్చినవాణ్ణి తీసుకొచ్చి ఐదో క్లాసు అన్నాడు. "అలాగా మేస్టారూ, మరి ఇతని పిల్లలు ఏ క్లాసు?" అని అడిగాను. ఆయన ఆ తర్వాత ఇక నాతో మాట్లాడలేదు. ముఖ్య అతిథి ఎంతకీ రాలేదు. పిల్లలు ఎండలో కూర్చుని మాడుతుంటే, వచ్చినప్పుడే వస్తారులెమ్మని పోటీలు మొదలుపెట్టేశాను.

విజిల్ నా దగ్గరే ఉంది కాబట్టి నేను పరుగు మొదలయ్యే చోట ఉన్నాను. అవతలి చివర ఇద్దరు టీచర్లు తాడు పట్టుకున్నారు. మేస్టారు మా మిగతా పిల్లలకి కాపలా. మూడో క్లాసు ఆడపిల్లల వంతు వచ్చింది. మా పిల్ల వరసలో నిలబడి నా వైపు చూసింది. విజిల్ ఊదాను. సగం దూరం పోయేసరికే దాని పక్కన ఎవరూ లేరు. ఎవరి కేకకీ తల తిప్పలేదు. తాడుని ఛాతీతో తెంపుకుని పోవడం కళ్ళారా చూశాను. పెద్దదాన్నన్న సంగతి మరిచిపోయి ఎగిరి గంతేశాను. ఇంతలో తర్వాతి బ్యాచి పిల్లలు గీత దాటి ముందుకి జరుగుతున్నారు, వాళ్ళని వెనక్కి తోయడానికి తిరిగాను.

మరికొన్ని పందేలు అయ్యాక గెలిచినవాళ్ళ పేర్లు పిలిచారు. మా పిల్ల రాలేదు. మంచినీళ్ళకి వెళ్ళిందేమో అనుకున్నాను. మేస్టారు మా పిల్లల దగ్గర లేదన్నారు. తాడు పట్టుకున్న టీచరుని అడిగితే ఆవిడ తాపీగా, "ఆ పిల్లా? తాడు తెంపుకుని అలాగే గేట్లోంచి బయటికి పోయింది కదండీ. ఆగు ఆగు అని అరిచాం కూడా. బయట మీవాళ్ళెవరో ఉన్నారు కాబోలు అనుకున్నాం" అంది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. అంతవరకూ మైదానం నిండా మోగిన నోరు ఒక్కసారి పడిపోయింది. విజిల్ ఆ టీచరు చేతిలో పెట్టి గేటు వైపు పరిగెత్తాను. మేస్టారు అప్పటికే ఎవరిదో మోటార్ సైకిల్ అడిగి తెచ్చేశారు.

గేటు బయట టీ కొట్టతన్ని అడిగాం. "యూనిఫారం గుంటా? ఇలాగే ఎలిపోయింది మేడమ్. ఓలమ్మ, ఎక్కడికే, ఆగే అన్నాను. అంటే ఇంకా జోరు సేసింది" అన్నాడు. ఇంకాస్త ముందు ఆటో స్టాండులో అడిగితే, "అడ్డంగా నిల్సున్నాం కూడానండి. మా పక్కనుంచి తుర్రుమంది" అన్నారు. పూలమ్మే ఆవిడ కూడా పిలిచిందట. పిల్ల ఆవిడ మొహం కూడా చూడలేదట.

ప్రతి మాటా నాకు చెంపదెబ్బే. దారిలో ఉన్న మంచివాళ్ళందరూ దాన్ని ఆపాలనే చూశారు. వాళ్ళు పిలిచిన కొద్దీ అది దూరం పోయింది. ఆగు అంటే జోరు పెంచమని నేర్పిన మహాతల్లిని నేనే కదా. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఒక్కో లారీ హారన్ కొడుతుంటే కళ్ళు మూసుకున్నాను. తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను, తెలియని దేవుళ్ళకి కూడా. మధ్యలో ఆ తల్లి మాట చెవిలో పడుతూనే ఉంది. పిల్ల దొరక్కపోతే నేను ఆ ఊరెలా వెళ్ళను? దొరికినా, ఈ సంగతి తెలిశాక ఆవిడ దాన్ని గడప దాటనిస్తుందా?

ఒక సందు మొగలో మేస్టారు బండి ఆపేశారు. నేను విసుక్కున్నాను. ఆయన వెనక్కి తిరక్కుండానే, "అమ్మా, మన పందెం ఎక్కడ ఆగుద్ది?" అన్నారు.

"తాడు దగ్గర."

"అది ఇక్కడి పందెం. మన పిల్లల పందెం ఎక్కడ ఆగుద్ది?"

పొద్దున్న ఆటోలో ఆ పిల్ల నా చెంగు లాగి అడిగిన మాట అప్పుడు వినిపించింది నాకు. "మేడమ్, ఇక్కడిదాకా పరిగెట్టాలా?" అని అడిగింది అది. ఆఁ ఆఁ అంతే అన్నది నేను. గీత అనేది, తాడు అనేది మా పిల్లలకి మేము ఎన్నడూ చూపించలేదు. ఆ తాడు దాని లెక్కలో దారికి అడ్డం వచ్చిన తాడు, అంతే.

"మార్కెట్‌కి పోనివ్వండి" అని అరిచాను. ఆయన అప్పటికే బండి తిప్పేశారు.

మార్కెట్లో వేలం అయిపోయినట్టుంది. కళాసీలు దిమ్మలు మోసి లారీలకి ఎక్కిస్తున్నారు. వరసగా కొట్లు చూసుకుంటూ పోయాం. ఒక కొట్టు ముందు జనం మూగి ఉన్నారు. జనాన్ని తోసుకుని వెళ్ళాను. మడత పెట్టిన గోనెసంచి మీద కూర్చుని ఉంది మా పిల్ల. కాలి బొటనవేలు చిట్లి రక్తం కట్టింది. మొహమంతా దుమ్ము. కుడిచెయ్యి పక్కనున్న బెల్లం దిమ్మ మీద ఆనించి ఉంది. ఎవరో ఇచ్చిన నీళ్ళగ్లాసు ఎడమచేత్తో పట్టుకుని తాగుతోంది, కుడిచెయ్యి మాత్రం తియ్యలేదు.

నన్ను చూసి దాని మొహం వెలిగిపోయింది. "ఇంతసేపు సేసేరేటి మేడమ్? మిగతావోళ్ళు ఇంకా రానేదు. నానే ఫస్టు. వీళ్ళకి సెప్తే బెల్లం ఎట్టనేదు" అంది.

ఒక్కటి తగిలిద్దామని చెయ్యి ఎత్తాను. ఆ చెయ్యి వెళ్ళి దాని తల మీద పడింది. అక్కడే బస్తాల మీద కూలబడ్డాను. పోయిన ప్రాణం లేచొచ్చిందంటారే, అది పుస్తకాల మాట కాదు. నిజంగానే అరికాళ్ళ నుంచి పైకి వస్తుంది.

కొట్టు షావుకారు పెద్దాయన నా మీద విరుచుకుపడ్డారు. "చదువుకున్నవాళ్ళేనా మీరు? లారీల మధ్యలోంచి వచ్చిందమ్మా ఈ పిల్ల! వచ్చీ రాగానే దిమ్మ మీద చెయ్యేసి కూర్చుంది. పేరడిగితే చెప్పదు, ఊరడిగితే చెప్పదు. ఫస్టేనా ఫస్టేనా అంటుంది. పోలీసులకి ఫోన్ చేద్దామనుకుంటున్నాం" అన్నారు. మామూలు రోజైతే ఎదురు నాలుగు అనేదాన్ని. ఆ వేళ ఆయన ఎంత తిడితే అంత హాయిగా ఉంది. తిట్టడానికి పిల్ల క్షేమంగా ఎదురుగా ఉంది కదా అనిపించింది.

"అయ్యా, మీరెన్నైనా అనండి. ముందు దాని చేతిలో కాస్త బెల్లం ముక్క పెట్టండి. లేకపోతే చెయ్యి తియ్యదు" అన్నాను. మేస్టారు మా పందెం నియమం వివరించారు. షావుకారు కాసేపు మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, ఇక నవ్వు ఆపుకోలేకపోయారు. కళాసీలు గొల్లుమన్నారు. ఆయన స్వయంగా ముక్క కొట్టి చేతిలో పెట్టాక మా పిల్ల దిమ్మ మీద చెయ్యి తీసి, దర్జాగా నోట్లో వేసుకుంది.

మైదానానికి తిరిగొచ్చేసరికి టీచర్లందరూ గేటు దగ్గరే ఉన్నారు. నాతో మాట మానేసిన ఆ నూగుమీసం కుర్రాడి మేస్టారు అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చి పిల్లని ఎత్తుకున్నాడు. ముఖ్య అతిథి అప్పుడే వచ్చారు. ఏం జరిగిందో ఆయనకి తెలియదు. మైకు పట్టుకుని, "పిల్లలూ, జీవితంలో ఎవరు ఆపినా ఆగకుండా పరిగెత్తాలి" అన్నారు. టీచర్లంతా తలలు దించుకుని కొంగులు, రుమాళ్ళు నోటికి అడ్డం పెట్టుకున్నాం. నవ్వీ నవ్వీ నాకు పక్కలు నొప్పెట్టాయి. భయం దిగిపోయాక వచ్చే నవ్వుకి అంతు ఉండదు. మా పిల్లకి స్టీలు టిఫిన్ బాక్సు బహుమతిగా ఇచ్చారు.

సాయంత్రం ఆటోలో మేస్టారు మెల్లగా, "వాళ్ళమ్మకి చెప్పాలంటారా? పిల్ల దొరికింది కదమ్మా. చెబితే రేపు హైస్కూలు మాట ఎత్తనివ్వదు" అన్నారు. ఆయన అన్నది నిజమే. నేనూ దారంతా అదే ఆలోచిస్తున్నాను. ఒక్క మాట మింగేస్తే పిల్ల చదువు నిలబడుతుంది. ఆ ఒక్కసారి నోరు మూసుకోవడానికి నేను సిద్ధపడ్డాను.

ఊరి మొదట్లోనే నిలబడి ఉంది ఆవిడ. ఎప్పటినుంచి ఉందో. మాటిచ్చినట్టే పిల్ల చెయ్యి తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ పిల్లని ఒళ్ళంతా తడిమి, చిట్లిన వేలు దగ్గర ఆగి, నా మొహం వైపు చూసింది. ఇక నా వల్ల కాలేదు. జరిగింది జరిగినట్టు మొత్తం చెప్పేశాను. గేటు, దారిలో పిలిచినవాళ్ళు, లారీలు, మార్కెట్, ఏదీ దాచలేదు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. అయిపోయింది, ఇక ఈ పిల్లకి ఐదుతో సరి అనుకున్నాను.

ఆవిడ నన్ను వదిలేసి పిల్ల ముందు గొంతుక్కూర్చుంది. "ఓలే, టీ కొట్టోడు పిలిసేడా నిన్ను?"

"పిలిసేడు."

"ఆగేవా?"

"ఆగనేదు."

"ఆటోలోళ్ళు?"

"అడ్డంగా నిల్సున్నారు. పక్కనించి ఎలిపోయేను."

"పూలమ్మే ఆయమ్మ పిలిత్తే?"

"సూడనేదు."

ఆవిడ పైకి లేచింది. కళ్ళు తుడుచుకుంటోందో నవ్వుతోందో మసక వెలుతురులో తెలియలేదు. "ఎవులో పిలిత్తే ఎలిపోద్దనే కదా మేడమ్ గారూ, పుట్టినకాడ్నించి నా బయ్యం. అంత పట్నం పిలిత్తే ఆగనేదంట ఇది" అంది. పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటి వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"హైస్కూలు ఆటో మా ఈది సివరికి వత్తాదా, మేడమ్ గారూ?"

వస్తుందని చెప్పాను. ఆ ఆటో ఆ వీధికి వస్తుందో రాదో నాకు అప్పటికి తెలియదు. తెల్లారగానే వెళ్ళి ఆటోవాడితో మాట్లాడి వచ్చాను.